పాత రాతిగోడ ఎందుకు పొడిగా రాలుతోంది? ఏడాదిపాటు మీరే గమనించి తేల్చుకోవడం ఎలా

భీమిలిలో మా మేనమామ ఇంటి వెనక ఒక రాతి ప్రహరీ ఉంది. ఎవరు కట్టించారో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు గానీ, పదేళ్ల కిందట సందుల్లోని పాత సున్నం రాలిపోతోందని చెప్పి సిమెంటు పూయించారు. ఇప్పుడు వెళ్లి చూస్తే సిమెంటు గీతలు తినేసిన చేప ముల్లులా పైకి నిక్కుకుని ఉన్నాయి, వాటి మధ్య రాయి మాత్రం వేలు దూరేంత లోతుకు అరిగిపోయింది. గోడ మొదట్లో ఎర్రటి పొడి. ఊడ్చిన వారానికి మళ్లీ పొడి. "సముద్రం గాలి నాన్నా, ఇక్కడ అన్నీ ఇంతే" అంటుంది మా అత్త.

అది సగం జవాబే. అదే గాలికి, ఇరవై అడుగుల అవతల ఉన్న బావి గట్టు రాళ్లు చక్కగా ఉన్నాయి మరి. వాటికి సిమెంటు పడలేదు.

మిగతా సగం జవాబు ఎలా వెతకాలో ఇక్కడ చెబుతున్నాను. మీది పాత ఇల్లు కావచ్చు, మీ వీధి గుడి కావచ్చు, మీరు జియాలజీ చదువుతూ ప్రాజెక్టు కోసం చూస్తున్నవాళ్లు కావచ్చు. పెద్ద ల్యాబు అక్కర్లేదు. ఓపిక కావాలి, ఒక ఏడాది కావాలి, ఎందుకంటే వైజాగ్‌లో రాయి మే నెలలో ఒకలా, సెప్టెంబరులో ఒకలా, జనవరిలో ఇంకోలా ప్రవర్తిస్తుంది. ఒక్కసారి చూసి తేల్చేస్తే తప్పే చెబుతారు. నేనూ చెప్పాను.

ముందు చోటు, ఆ తర్వాత అనుమతి

మొదటి ప్రయత్నమే తొట్లకొండ, బొజ్జన్నకొండ లాంటి పాత బౌద్ధ శిథిలాల మీద చేద్దామని బయలుదేరకండి. బొజ్జన్నకొండ కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉంది, తొట్లకొండ, బావికొండ రాష్ట్ర శాఖవి. అలాంటి చోట రాయి గీరడం, ముక్క తీయడం, టేపు అంటించడం శిక్ష పడే పనులు. కళ్లతో చూడండి, దూరం నుంచి ఫొటో తీసుకోండి, అంతే. అన్నట్టు, బొజ్జన్నకొండ దగ్గర ఒకప్పుడు కనుమ రోజున జనం అక్కడి ఒక రూపాన్ని రాక్షసుడనుకుని రాళ్లు విసిరేవారు. కాబట్టి పాత రాతి మీద ఏదైనా గుంట కనిపిస్తే వానా ఎండా అనేసుకోకండి, మనుషుల్ని కూడా లెక్కలో పెట్టుకోండి.

మీ సొంత ప్రహరీతో మొదలుపెట్టడం మేలు. గుడి అయితే కమిటీవాళ్లను, పూజారిగారిని ముందే అడగండి. "రాయిని ముట్టుకోం, ఫొటోలు తీస్తాం, కింద రాలిన పొడి మాత్రం ఎత్తుకుంటాం" అని స్పష్టంగా చెబితే ఎవరూ కాదనరు. పరికరాలు పట్టుకుని చెప్పకుండా వెళితే మాత్రం నిధి తవ్వేవాళ్లనుకుంటారు. నవ్వులాటకి అనడం లేదు.

కొనుక్కోవాల్సినవి కొంచెమే. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, గాలిలో తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు, నీళ్లలో ఉప్పు చూసే పెన్నులాంటి టీడీఎస్ మీటరు, గ్రాములో నూరోవంతు దాకా తూగే బుల్లి తూకం, డిస్టిల్డ్ వాటరు సీసా, కంటిమందు వేసే డ్రాపరు, మెత్తటి బ్రష్షు, టార్చిలైటు. నోటుబుక్కు. ఫోనులో రాసుకుంటాను అనుకుంటారు గానీ వానలో గొడుగు పట్టుకుని ఫోనులో టైపు చేసి చూడండి, తెలుస్తుంది.

మీ రాయి ఏ రాయి?

ఈ ఒక్క అడుగు మాత్రం తొందరపడి దాటకండి. సింహాచలం కొండ, కైలాసగిరి, యారాడ కొండ, మన చుట్టూ ఉన్న కొండల్లో ఎక్కువ భాగం ఖొండలైట్ అనే రాయి. కొండల్లో ఉండే ఖోందు గిరిజనుల పేరు మీద 1902లో టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు. కోణార్క్ గుడి కట్టింది కూడా చాలావరకు ఇదే రకం రాయితో, 13వ శతాబ్దంలో. అది కూడా సముద్రానికి దగ్గర్లోనే ఉంది, ఆ రాయి ఎంత దెబ్బతిందో అందరికీ తెలుసు. ముఖమండపం కూలిపోతుందేమోనని 1903లో లోపల ఇసక నింపి మూసేశారు. మన గోడ జబ్బు, ఆ గుడి జబ్బు చుట్టాలే అన్నమాట.

భూతద్దం పెట్టి చూడండి. ఖొండలైట్‌లో ముదురు ఎరుపు చుక్కలు కనిపిస్తాయి, అవి గార్నెట్లు, దానిమ్మ గింజల్లా ఉంటాయి. సన్నటి సూదుల్లా తెల్లగా మెరిసేది సిల్లిమనైట్. పెన్సిలు ముక్కులా బూడిదరంగులో తళుక్కుమనేది గ్రాఫైటు. గాజులా ఉండేది క్వార్ట్జ్. వీటి మధ్య సుద్దముక్కలా పాలిపోయి, గోరుతో తాకినా పొడయ్యేట్టు కనిపించేది ఫెల్డ్‌స్పార్. కథంతా దాని దగ్గరే ఉంది. వాన నీళ్లలో కొద్దిపాటి ఆమ్లగుణం ఉంటుంది, అది ఏళ్ల తరబడి తగిలి ఫెల్డ్‌స్పార్‌లోని పొటాషియంని కడిగేస్తూ దాన్ని తెల్లబంకమట్టిగా మార్చేస్తుంది. గార్నెట్‌లో ఇనుముంటుంది, అది తుప్పు పడుతుంది, తుప్పు పట్టినప్పుడు ఉబ్బుతుంది, చుట్టూ గోధుమరంగు మరక వేస్తుంది. కాబట్టి ఈ రాయి పుట్టుకతోనే కొంచెం గుల్లబారే గుణం ఉన్నది. క్వారీలోంచి తీసేనాటికే సగం మాగిన రాయి కూడా గోడల్లోకి వస్తుంటుంది.

ముదురుగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతూ, పొరలు పెద్దగా లేకుండా, సుత్తి తగిలితే గంటలా ఖంగుమనే రాయి అయితే అది చార్నొకైట్ అయ్యుండొచ్చు. అది చాలా గట్టిది. ఒకే గోడలో రెండూ కలిపి కట్టిన చోటు దొరికితే మీ అదృష్టం. అదే గాలి, అదే వాన, రెండు రాళ్లు, తేడా కళ్లెదుటే.

ఈ మార్పంతా ఎక్కడికి పోతుందో చూడాలంటే ఒక సాయంత్రం ఆర్కే బీచ్‌కో రుషికొండకో వెళ్లండి. అల వెనక్కి వెళ్లాక ఇసక మీద నల్లటి, గులాబీరంగు చారలు మిగులుతాయి చూడండి. చిటికెడు అరచేతిలో వేసుకుని భూతద్దంతో చూస్తే గార్నెట్, సిల్లిమనైట్, నల్లటి ఇల్మనైట్. అయస్కాంతం దగ్గర పెడితే మాగ్నటైట్ రేణువులు లేచి అంటుకుంటాయి. ఫెల్డ్‌స్పార్ మాత్రం వెతికినా పెద్దగా దొరకదు, అది మట్టై ఎప్పుడో కొట్టుకుపోయింది. కొండ అరిగి అరిగి మిగిలిన గట్టి గింజలే ఆ చారలు. చూసి అక్కడే వదిలేయండి, సీసాల్లో నింపుకుని తేకండి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల రంగు కూడా ఇనుము తుప్పు రంగే. ఇవి చూసొచ్చాక గోడ కింద ఎర్రపొడిని చూస్తే అది మీతో మాట్లాడుతుంది.

ఇంకొకటి చూడాలి, పొరలు. ఖొండలైట్‌కి పొరలుంటాయి. ఆ పొరలు నేలకి సమాంతరంగా పడుకునేట్టు రాయిని పేర్చారా, లేక పొరలు గోడ ముఖానికి అంటుకుని నిలువుగా నిలబడ్డాయా? నిలువుగా నిలబెట్టిన రాయి పరోటాలా పొర తర్వాత పొర ఊడుతుంది. ఇది తాపీ పనిలో జరిగిన పొరపాటు, సముద్రానికి సంబంధం లేదు. ప్రతి రాయికి నోటుబుక్కులో ప అనో ని అనో రాసుకోండి. నా లెక్కలో పెచ్చులూడే రాళ్లలో ఎక్కువ ని రాళ్లే తేలాయి.

గోడకి పటం గీయండి

గోడను రెండు మీటర్ల చొప్పున భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఎదురుగా నిలబడి ఫొటో తీయండి. పక్కన స్కేలు పెట్టండి, ఒక తెల్లకాగితం కూడా పెట్టండి, లేకపోతే ఆర్నెల్ల తర్వాత రంగు మారిందా కెమెరా మారిందా అని కొట్టుకుంటారు. ఎక్కడ నిలబడి తీశారో నేల మీద గుర్తు రాసుకోండి. చీకటి పడ్డాక మళ్లీ వెళ్లి టార్చి గోడకి అడ్డంగా, దాదాపు ఆనించి వెలుగు వేసి ఇంకో సెట్టు తీయండి. పగలు నున్నగా కనిపించిన రాయి మీద అప్పుడు పొక్కులు, గుంటలు, ఉలిగుర్తులు అన్నీ లేచి కనిపిస్తాయి. నేను ఈ పని మొదటిసారి చేసిన రాత్రి నిజంగా ఆశ్చర్యపోయాను.

ఫొటోను కాగితం మీద ప్రింటు తీసుకుని రంగు పెన్సిళ్లతో గుర్తులు పెట్టాలి. ఇకోమోస్ అనే అంతర్జాతీయ సంస్థ 2008లో రాయి పాడయ్యే తీరులకు ఒక పదకోశం తెచ్చింది, అందులో ఐదు కుటుంబాలు చేశారు: పగుళ్లు, ఊడిపోవడాలు, అరుగుదల, రంగు మారడం లేదా పైన పేరుకోవడం, ప్రాణమున్నవి పెరగడం. మనకి మన మాటలున్నాయి, వాటినే వాడుకోవచ్చు. నెర్రె, బీట, పెచ్చు, పొక్కు, గుల్ల, పొడి, ఉప్పు తేలడం, నాచు, మొలక. ఒక్కో మాటకి ఒక రంగు పెట్టుకుని చివరిదాకా అదే వాడండి. పెచ్చు అంటే ఏంటో, పొక్కు అంటే ఏంటో మొదటి పేజీలోనే రాసేయండి, ఎందుకంటే మీ స్నేహితుడు వచ్చి సాయం చేసినప్పుడు అతని పెచ్చు మీ పొక్కు అవుతుంది.

వేలి కణుపుతో మెల్లగా తట్టి వినండి కూడా. గట్టి రాయి టక్ అంటుంది, లోపల విడిపోయింది డొల్లగా పలుకుతుంది. డొల్ల చోట్లు పటంలో గీయండి. గట్టిగా కొట్టకండి, అది ఆ రోజే ఊడిపోవచ్చు, ఆ పాపం మీకెందుకు.

వానలో వెళ్లండి

అందరూ వాన తగ్గాక వెళతారు. వాన పడుతుండగా వెళ్లాలి. నీళ్లు పైకప్పు మీంచి ఎక్కడ దిగుతున్నాయి, ఏ రాయి మీద చిమ్ముతున్నాయి, గోడ మొదట్లో ఎంతసేపు నిలుస్తున్నాయి, ఇవి ఏ పరికరమూ చెప్పదు. ఆగిన తర్వాత ప్రతి గంటకి ఒక ఫొటో, ఆరే క్రమం తెలుస్తుంది. చివరిదాకా ఆరని చోటే మీ అనుమానితుడు.

మా ప్రహరీ విషయంలో నేను ఏడెనిమిది నెలలు సముద్రాన్నే తిట్టుకున్నాను. జూలైలో ఒక సాయంత్రం వానలో నిలబడితే తెలిసింది, పక్కింటి పెరటి మురుగునీళ్లు మా గోడ పునాది పక్కగా పారుతున్నాయి. గోడ అడుగు నుంచి మోకాలి ఎత్తు దాకా చెమ్మ ఎక్కుతోంది. పాడైన పట్టీ సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంది. ఏసీ నీళ్ల గొట్టాలు, ట్యాంకు పొంగిన నీళ్లు, కొత్త రోడ్డు పోసి పాత గోడని మూడడుగులు నేలలోకి పాతిపెట్టేయడం, ఇవన్నీ వెతకండి. పాత నగరంలో రోడ్డెత్తు పెరిగిన ప్రతి చోటా ఈ చివరిది కనిపిస్తుంది.

గాలివాన సంగతి వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. అంత గాలి నేరుగా గోడని తాకితే దాని ఒత్తిడి సుమారు 15 సెంటీమీటర్ల నీటి మట్టంతో సమానం, మీరే లెక్కకట్టుకోవచ్చు. అంటే ఆ రోజు మామూలు వానకి తడవని సందుల్లోకి కూడా ఉప్పునీళ్లు దూరాయి. రాయి నీళ్లు ఎంత తాగుతుందో కొలిచే కార్‌స్టెన్ గొట్టం అని ఒక గాజు పరికరం ఉంటుంది, గోడకి బంకతో అంటించి నీళ్లు పోసి ఎంత దిగిందో 5, 10, 15 నిమిషాలకు చూస్తారు. అందులో నీటి ఎత్తు దాదాపు 10 సెంటీమీటర్లు, అంటే ఆ తుపాను గాలి తోపుడు కంటే కొంచెం తక్కువ. కాలేజీలో దొరికితే వాడండి. దొరక్కపోతే డ్రాపరుతో ఒక్క చుక్క వేసి అది ఇంకిపోయే సమయం సెకన్లలో లెక్కపెట్టండి. గట్టి చార్నొకైట్ మీద చుక్క ముత్యంలా కూర్చుంటుంది. గుల్లబారిన ఖొండలైట్ దాన్ని అంటించగానే మింగేస్తుంది. ఒక్కో రాయికి ఐదు చోట్ల వేసి, అంకెలు చిన్నది నుంచి పెద్దదానికి పేర్చి మధ్యలోది తీసుకోండి, ఎండ తగలని వేళ చేయండి.

ఉప్పు, అసలు వ్యవహారం ఇక్కడుంది

వానాకాలంలో వంటింట్లో కల్లుప్పు జాడీ చెమర్చడం చూశారు కదా. మళ్లీ ఎండ కాస్తే గడ్డకడుతుంది. అచ్చం అదే మీ రాతి రంధ్రాల్లో జరుగుతుంది, తేడా ఏంటంటే అక్కడ గడ్డకట్టడానికి చోటు లేదు, కాబట్టి రాయిని తోస్తుంది.

లెక్క ఏంటంటే, గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు గాలిలోని నీటిని లాక్కుని కరిగిపోతుంది, అంతకంటే తగ్గితే మళ్లీ గింజ కడుతుంది. వైజాగ్‌లో గాలి ఆ గీతకు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. పొద్దున్న పైన, పడమటి గాలి తోలిన మే మధ్యాహ్నం బాగా కింద, సముద్రం గాలి తిరగబడగానే మళ్లీ పైన. ఎప్పుడూ తడిగా ఉండే ఊళ్లో ఉప్పు కరిగి ఊరుకునేది, ఎప్పుడూ ఎండగా ఉండే ఊళ్లో గింజకట్టి ఊరుకునేది. మన ఊళ్లో దానికి విశ్రాంతి లేదు. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి, అవి ఇంకా తక్కువ తేమకే నీరు లాగుతాయి, అందుకే నిజం గోడలో ఆ గీత కచ్చితంగా 75 దగ్గరే ఉండదు, కొంచెం కిందికి చెదిరి ఉంటుంది.

తేమ మీటరుని నమ్మేముందు పరీక్షించండి. సీసా మూతలో ఉప్పు పోసి, కొన్ని చుక్కల నీళ్లతో ముద్దగా తడిపి, దానితోపాటు మీటరుని గాలి చొరని డబ్బాలో పెట్టి మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న 75 చూపించాలి. నాది 81 చూపించింది, అప్పటినుంచి ప్రతి లెక్కలోంచి ఆరు తీసేస్తున్నాను. గోడని పాడుచేసే అంకే మీటరుని సరిచేసే అంకె కూడా అవడం నాకు భలే నచ్చింది.

ఇప్పుడు గోడ దగ్గర నీడలో మీటరు పెట్టి రోజుకి మూడుసార్లు రాసుకోండి, పొద్దున్న ఆరుకి, మధ్యాహ్నం రెండుకి, రాత్రి తొమ్మిదికి. ఒక్క రోజులో ఎన్నిసార్లు ఆ గీత దాటిందో లెక్కపెట్టి, నెలకి ఎన్ని దాటుళ్లో వేసుకోండి. ఆ పక్కనే గోడ మీద తెల్లగా ఉప్పు కనిపించిందా లేదా రాయండి. రెండు వరసలూ పక్కపక్కన చూస్తే మీకే తెలుస్తుంది.

ఉప్పు ఉందో లేదో చూడ్డానికి, దూది ముక్కని 20 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటరులో ముంచి, గోడకి ఐదు నిమిషాలు ఆనించి, మళ్లీ అదే నీళ్లలో పిండి టీడీఎస్ మీటరు పెట్టండి. గోడకి ఆనించని దూదిని కూడా అలాగే ముంచి పిండి ఆ అంకెని ఇందులోంచి తీసేయాలి, చాలామంది ఇది మర్చిపోతారు. నేల నుంచి అడుగుకో చోట ఇలా చేసుకుంటూ పైకి వెళ్లండి. అంకె కింద తక్కువగా ఉండి, మోకాలి ఎత్తులో ఎక్కువై, పైన మళ్లీ తగ్గితే ఉప్పు నేలలోంచి చెమ్మతో ఎక్కి అక్కడ ఆరుతోందని అర్థం. గోడ పైనుంచి కింద దాకా ఒకేలా ఉండి, సముద్రం వైపు మాత్రమే ఎక్కువుంటే గాలి తెచ్చినది. ఈ ఒక్క పరీక్షతోనే మా అత్త వాదన సగం ఓడిపోయింది.

ఏ ఉప్పు అన్నది ఇంకో ప్రశ్న. తెలిసిన కెమిస్ట్రీ లెక్చరరు ఉంటే ఆ నీళ్లని ల్యాబుకి పట్టుకెళ్లండి. సిల్వర్ నైట్రేటు చుక్క వేస్తే పాలలా తెల్లబడితే క్లోరైడు, అంటే సముద్రం వాటా. బేరియం క్లోరైడుతో తెల్లబడితే సల్ఫేటు, అది సిమెంటు నుంచో పొగ నుంచో రావచ్చు. నైట్రేటు ఎక్కువుంటే మరుగుదొడ్డి, పశువుల పాక, గబ్బిలాలు, పావురాలు. ఇంట్లో చేయకండి, సిల్వర్ నైట్రేటు చేతికి అంటితే నల్లమచ్చ రోజుల తరబడి పోదు, బేరియం అయితే విషం. సోడియం సల్ఫేటు తేలితే కాస్త గాబరా పడాల్సిందే, ఎందుకంటే అది నీళ్లు తాగి స్ఫటికంగా మారినప్పుడు మూడింతలకు పైగా ఉబ్బుతుంది. మా సిమెంటు గీతల పక్కన రాయి ఎందుకలా తినేసినట్టు అయ్యిందో దీనితోనే అర్థమైంది. అప్పటికే మా ఊరి పెద్ద మేస్త్రి ఒకాయన గోడ చూసి ఒక్క ముక్కలో చెప్పేశాడు: "సిమెంటెట్టేక నీరెటెల్తాది బాబూ, రాయిలోకే ఎల్తాది." పాత సున్నపు సందులోంచి ఆరిపోయే చెమ్మ, సందు మూసుకుపోయాక రాయిలోంచే ఆరాల్సొచ్చింది, ఉప్పు రాయిలోనే దిగింది. పైకి తెల్లగా తేలిన ఉప్పుని చూసి అందరూ భయపడతారు గానీ, అది బయటికొచ్చేసిన ఉప్పు. పై పొర వెనక కనబడకుండా గింజకట్టేదే పెచ్చులు ఊడదోస్తుంది.

తేలిన ఉప్పుని పొడి బ్రష్షుతో దులిపి కాగితంలోకి ఎత్తండి. నీళ్లతో కడగొద్దు. కడిగితే మళ్లీ లోపలికే వెళుతుంది.

రాలినపొడి తూకం

నాకు బాగా ఇష్టమైన పని ఇది. గోడ మొదట్లో మీటరు పొడవు ప్లాస్టిక్ షీటు పరిచి, రాళ్లు పెట్టి, ప్రతి ఆదివారం దాని మీద రాలినది బ్రష్షుతో ఎత్తి, ఆరబెట్టి, తూచి, పొట్లం కట్టండి. గాలికి వచ్చిన దుమ్ము ఎంతో తెలియాలి కాబట్టి గోడకి దూరంగా అంతే షీటు ఇంకొకటి పరచండి, దాని బరువు తీసేయండి. కోళ్లూ పిల్లలూ తిరగని చోటు చూసుకోవాలి.

పొడిని భూతద్దంతో చూస్తే గార్నెట్ ముక్కలు, గ్రాఫైటు రేకులు, తెల్లబంకమట్టి. నాలిక మీద పెట్టి చూడాలనిపిస్తుంది, వద్దు.

నలుపంతా ఒకటి కాదు

పాత నగరంలో గోడల నలుపు చూసి "నాచు" అంటారు, "బొగ్గు ధూళి" అంటారు. తేల్చడం తేలిక. వాన నీళ్లు పారే చారల వెంట నలుపు ఉంటే ఎక్కువగా అది ప్రాణమున్నదే. ఎండాకాలంలో కరకరలాడే నలుపు మీద ఒక చుక్క నీళ్లు వేసి కాసేపు చూడండి, పచ్చదనం తిరిగితే సైనోబాక్టీరియా, అంటే ఆకుల్లా ఎండతో బతికే సూక్ష్మజీవులు. అదే వాన తగలని చూరు కింద, చెక్కడం లోతుల్లో గట్టి నల్లపెంకు ఉంటే పొగలోని గంధకం సున్నంతో కలిసి జిప్సం అయ్యి మసిని పట్టుకుందన్నమాట. ఇది సున్నపు గారకో పాలరాయికో ఎక్కువ పడుతుంది. వేలితో తుడిస్తే వచ్చేస్తే ఉట్టి దుమ్ము. గుళ్లలో అయితే దీపం మసి, నూనె జిడ్డు, పసుపు వేరే లెక్క.

సందుల్లో రావి మొలక కనిపిస్తే లాగేయకండి. వేరు లోపల ఎంతుందో తెలియదు, దాంతోపాటు రాయి కూడా వస్తుంది. మొదట్లో కత్తిరించి, తారీఖు వేసుకుని, మళ్లీ చిగిర్చిందా చూస్తూ ఉండండి.

ఏడాది అయ్యాక

ఇప్పుడు మీ దగ్గర పటం ఉంది, చెమ్మ ఫొటోలున్నాయి, ఉప్పు అంకెలున్నాయి, వారం వారం తూకం ఉంది. పటం మీద ఉప్పు అంకెలు రాసి, పొడి ఎక్కువ రాలిన నెలల పక్కన తేమ దాటుళ్లు పెట్టండి. మా గోడకి పొడి ఎక్కువ రాలింది వానల్లో కాదు, వానలు వెళ్లాక ఆరే నెలల్లో, డిసెంబరు జనవరుల్లో. తడి ఉప్పుని లోపలికి తెచ్చింది, పొడిగాలి దాన్ని గింజకట్టించింది. కారణం పేరు పెట్టేముందు ఒకసారి ఎదురు ప్రశ్న వేసుకోండి: ఇదే నిజమైతే ఇంకెక్కడ పాడవ్వాలి, ఎక్కడ పాడవ్వకూడదు? మా బావి గట్టు ఈ పరీక్షకి నిలబడింది. సముద్రం గాలే కారణమైతే అదీ పాడవ్వాలిగా.

మందు విషయానికొస్తే, చేయకూడనివి ముందు. ఆసిడ్‌తో కడగడం, ఇసక బ్లాస్టింగ్, ఎనామిల్ రంగు, నీళ్లు దిగవంటూ అమ్మే కోటింగులు, సిమెంటు పూత. లోపల ఉప్పు ఉండగా పైన మూత పెడితే ఆ మూతతో సహా రాయి ఊడుతుంది. చేయగలిగినది చాలావరకు నీటి పనే, మురుగు మళ్లించడం, చూరు గొట్టం సరిచేయడం, గోడ మొదట్లో పేర్చిన మట్టి, కాంక్రీటు తీయించడం. సందులకి సిమెంటు మెల్లగా తీసి సున్నం పెట్టడం తెలిసిన మేస్త్రితోనే చేయించండి, డంగు సున్నం, అంటే గానుగలో రుబ్బిన సున్నం గురించి అడిగితే ఎవరికి తెలుసో రెండు నిమిషాల్లో బయటపడుతుంది. ఉప్పు లాగడానికి డిస్టిల్డ్ వాటరుతో నానబెట్టిన కాగితపు గుజ్జు గోడకి మెత్తి, ఆరాక ఒలిచే పద్ధతి ఉంది, సొంత ప్రహరీ మీద చిన్న చోట చేసి చూసుకోవచ్చు, ఒలిచిన గుజ్జుని నానబెట్టి టీడీఎస్ చూస్తే ఎంత వచ్చిందో తెలుస్తుంది. చెక్కడాలున్న రాయి అయితే ఇవేవీ మీరు చేయకండి. కేంద్ర పురావస్తు శాఖలో ఈ పనికే 1917 నుంచి సైన్స్ బ్రాంచి ఉంది. మీ ఫైలు జతచేసి రాతపూర్వకంగా అర్జీ పెట్టించండి. వట్టి మాటగా "గుడి పాడవుతోంది సార్" అని చెప్పడానికీ, పన్నెండు నెలల పటం బల్ల మీద పెట్టడానికీ తేడా ఉంటుంది.

మా మామయ్య మురుగు కాలవ మళ్లించడానికి పక్కింటాయనతో మాట్లాడి ఒప్పించేసరికి ఇంకో వర్షాకాలం వచ్చింది. కాలవ మళ్లాక రెండు నెలలకి మోకాలి ఎత్తు అంకె తగ్గడం మొదలైంది. పొడి ఇంకా రాలుతోంది, కాకపోతే వారానికి తూకం తక్కువ చూపిస్తోంది. ఎంత తక్కువో గట్టిగా చెప్పలేకపోవడానికి కారణం నేనే, మొదట్లో కట్టిన పొట్లాల మీద తారీఖు రాయలేదు, పదకొండు పొట్లాలు ఇప్పటికీ అలమరలో ఏ వారానివో తెలియకుండా పడున్నాయి. మీరు పొట్లం కట్టకముందే కాగితం మీద తారీఖు రాసేయండి.